కర్ర, గడ్డి, నార: అడవి గుడిసెలోని శాస్త్రం

జాంబియా, టాంజానియా దేశాల సరిహద్దులో కలంబో అనే నది ఉంది. రెండు వందల మీటర్లకు పైగా ఎత్తు నుంచి అది దూకే చోటుకు కాస్త ఎగువన, 2019లో పురావస్తు శాస్త్రవేత్తలు ఒడ్డున తవ్వుతుంటే తడి ఇసుకలో రెండు దుంగలు బయటపడ్డాయి. ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉన్నాయి. వరదకు కొట్టుకొచ్చి అలా చిక్కుకున్నాయేమో అనుకోవడానికి వీల్లేదు. పై దుంగ అడుగున గాడి చెక్కి ఉంది. ఆ గాడిలో కింది దుంగ ఇమిడిపోయి ఉంది. చెక్కిన చోట రాతి పనిముట్ల గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ బారమ్ బృందం, చుట్టూ ఉన్న ఇసుక రేణువులు చివరిసారి ఎండను చూసి ఎంతకాలమైందో లెక్కగట్టింది. కనీసం 4,76,000 సంవత్సరాలని తేలింది. 2023 సెప్టెంబరులో నేచర్ పత్రిక ఆ పరిశోధనను ప్రచురించింది.

మన జాతి మనుషుల శిలాజాల్లో ఇప్పటివరకు దొరికిన అతి పాతవి మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లోవి. వాటి వయసు సుమారు మూడు లక్షల ఏళ్లు. అంటే మనం పుట్టకముందే, మనకంటే ముందున్న మనుషులెవరో కర్రకు కర్రను అతకడం నేర్చుకున్నారు. కలంబో దుంగలు ఒక గుడిసెకు పునాదో, బురదనేల మీద నడవడానికి వేసుకున్న తోవో, మంచెలాంటి వేదికో ఇంకా తేలలేదు. ఏదైనా కట్టడమే.

అలాంటి కట్టడాలు ఇన్నేళ్లలో లక్షలకొద్దీ లేచి ఉంటాయి. దాదాపు ఏవీ మిగల్లేదు. కర్రను చెదలు తింటాయి, బూజు తింటుంది, బాక్టీరియా తింటుంది. గాలి సోకని నీటి అడుగు బురదలో పడితేనే అది నిలుస్తుంది. ఇజ్రాయెల్‌లోని గలిలీ సరస్సు 1989లో కరవుకు బాగా ఎండిపోయినప్పుడు, నీటి అంచున ఆరు గుడిసెల ఆనవాళ్లు తేలాయి. ఒహాలో అని పిలిచే ఆ చోట 23,000 ఏళ్ల కిందటి మనుషులు కొమ్మలు పాతి, రెమ్మలు కప్పుకుని బతికారు. లోపల మెత్తటి గడ్డి పరుచుకున్నారు. రాళ్లు మిగిలాయి కాబట్టి ఆ కాలాన్ని రాతియుగం అంటున్నాం. ఆ మనుషులు చేసిన పనిలో ఎక్కువ భాగం కర్రతో, గడ్డితో, నారతోనే అయి ఉంటుందని నా నమ్మకం.

ఈ విద్యను చూడటానికి ఆఫ్రికా దాకా వెళ్లనక్కర్లేదు. కృష్ణకు రెండు వైపులా పరుచుకున్న నల్లమల అడవుల్లో చెంచుల గూడేలు ఉన్నాయి. వాటిని పెంటలు అంటారు. 1940లో ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని రాసుకున్నాడు. 1943లో అది పుస్తకంగా వచ్చింది. గుండ్రంగా తడిక గోడ, దాని మీద మొనదేలిన గడ్డి కప్పు: ఆనాడు ఆయన చూసిన చెంచు ఇల్లు అది. తేనెకో, దుంపలకో, ఇప్పపువ్వుకో పెంట వదిలి దూరం వెళ్లినప్పుడు నాలుగు కొమ్మలు వాల్చి ఆకులు కప్పుకుంటే ఆ కొద్ది రోజులకు సరిపోయేది. గొడ్డలి, కొడవలి తప్ప మరో పనిముట్టు అక్కర్లేని ఆ ఇంట్లో ఎంత లెక్క ఉందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు చోటు. అడవిలో ఇంటికి చోటు వెతకడమంటే నీళ్లు ఎటు పోతాయో చూడటం. వాగు ఇసుక చదునుగా, శుభ్రంగా, పడుకోవడానికి పిలుస్తున్నట్టే ఉంటుంది. కానీ పైన ఎక్కడో కొండ మీద కురిసిన వాన, ఇక్కడ ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా, గంటలో ఆ ఇసుక మీదికి రాగలదు. లోయ అడుగు కూడా పనికిరాదు. రాత్రిపూట నేల చల్లబడితే దాన్ని తాకిన గాలి కూడా చల్లబడి, బరువెక్కి, నీటిలాగే పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. చలికాలంలో కొండ వాలు మీద కంటే లోయలో వణుకు ఎక్కువ పుట్టేది అందుకే. అలాగని శిఖరం మీద కట్టుకుంటే గాలి, పిడుగు. రెండింటికీ నడుమ, కాస్త వాలున్న ఎత్తైన నేల మంచిది. తలెత్తి చూసి ఎండిన కొమ్మలు వేలాడుతున్న చెట్టు కింద వద్దనుకోవాలి. పుట్టలకు దూరం జరగాలి. జంతువులు నీళ్లకు నడిచే దారిని వదిలేయాలి.

తర్వాత చట్రం. గుండ్రంగానే ఎందుకు? పన్నెండు మీటర్ల పొడవు తడిక ఉందనుకోండి. దాన్ని చతురస్రంగా నిలబెడితే లోపల తొమ్మిది చదరపు మీటర్ల చోటు వస్తుంది. అదే తడికను గుండ్రంగా చుడితే పదకొండున్నర వస్తుంది. ఒక్క బద్ద కూడా అదనంగా చీల్చకుండా దాదాపు రెండున్నర చదరపు మీటర్ల చోటు కలిసొచ్చింది. గుండ్రటి గోడకు మూలలు ఉండవు కాబట్టి గాలి దాన్ని చుట్టుకుని జారిపోతుంది. కోస్తాలో, ముఖ్యంగా ఉత్తరాంధ్రలో తుపాను దారిలో ఉన్న ఊళ్లలో, మట్టి గోడల చుట్టిళ్లు తరతరాలుగా నిలిచింది కూడా ఈ ఆకారం వల్లనే. పై కప్పులో వాసాలన్నీ కొప్పు దగ్గర కలుస్తాయి. ఏ రెండు వాసాలను తీసుకున్నా, కింద వాటిని కలిపే కట్టుతో కలిసి ఒక త్రిభుజం ఏర్పడుతుంది. నాలుగు కర్రల చట్రాన్ని పక్క నుంచి నెడితే ఒరిగిపోతుంది. మూడు కర్రల చట్రం విరిగితే తప్ప ఒరగదు.

కర్రను ఎంచడంలో అనుభవజ్ఞులు మొదట చూసేది చేవ. చెట్టు బతికి ఉన్నంతకాలం బయటి పొర నీటిని మోస్తుంది. దానిలో చక్కెర, పిండి పదార్థాలు ఉంటాయి కాబట్టి చెదలు, పురుగులు అక్కడే మొదలుపెడతాయి. లోపలి భాగం పని మానేశాక చెట్టు అందులో పురుగులకు, బూజుకు గిట్టని రసాయనాలు నింపుతుంది. రంగు ముదురుతుంది, గట్టిపడుతుంది. అదే చేవ. సండ్ర, టేకు, ఏగిస వంటి చెట్ల చేవ నేలలో పాతినా ఏళ్ల తరబడి ఉంటుంది. చేవ లేని లేతకర్ర రెండు వానలకే మెత్తబడుతుంది. వెదురుది మరో సమస్య. దాని కణాల్లో పిండి పదార్థం ఎక్కువ. దానికోసం పురుగు చేరి, వెదురును లోపలే పొడి చేస్తుంది. కొట్టిన వెదురును కొన్ని వారాలు వాగునీటిలో నానబెడితే ఆ పిండి చాలావరకు పోతుంది. తర్వాత నీడన ఆరబెట్టి వాడతారు.

మేకు వాడరు. మేకులు దొరక్క మాత్రమే కాదు. వెదురులో నారలన్నీ నిలువుగానే సాగుతాయి, అడ్డంగా పట్టి ఉంచేది దాదాపు ఏమీ ఉండదు. మేకు దిగితే నిట్టనిలువునా చీలుతుంది. నారతో కట్టిన కట్టు చీల్చదు, పైగా గాలికి కొంచెం ఆడనిస్తుంది. ఆడనిచ్చే చట్రం గాలి దెబ్బను ఒక్కచోట మోయకుండా అన్ని కట్లకూ పంచుతుంది. మోదుగ వేళ్ల నార, తూర్పు కనుమల్లో అడ్డతీగ బెరడు, ఇవన్నీ పచ్చిగా ఉండగా చీల్చి, తడి చేసి చుడతారు. ఎండిన నారను వంచితే పుటుక్కున తెగుతుంది. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పచ్చి కర్ర ఆరే కొద్దీ పొడవులో పెద్దగా మారదు కానీ మందంలో తగ్గుతుంది. అందువల్ల కట్టిన కొన్ని నెలలకు కట్లు వదులవుతాయి. వానలకు ముందు ఒకసారి అన్నీ బిగించుకోవాలి.

ఇక కప్పు. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే గడ్డి కప్పు ఒక వింత చేస్తుంది. ఒక గడ్డిపోచ నీటిని ఆపలేదు. పిడికెడు గడ్డిని నీళ్లకింద పట్టి చూడండి, అటునుంచి ఇటు కారిపోతుంది. అలాంటి గడ్డితోనే నైరుతి వానలకు తట్టుకునే కప్పు తయారవుతోంది.

లెక్క చూద్దాం. పైన చెప్పిన గుండ్రటి గుడిసె మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే, ఆ గంటలో 570 లీటర్లకు పైగా నీళ్లు కప్పు మీద పడతాయి. వాటిలో ఒక్క బిందె లోపలికి వచ్చినా ఆ రాత్రి నిద్ర లేనట్టే. చినుకు గడ్డిపోచ మీద పడగానే దానికి అంటుకుంటుంది. నీటి అణువులకు ఒకదానితో ఒకటి ఉన్న పట్టు వల్ల, పోచతో ఉన్న పట్టు వల్ల, అది పోచ వెంటే కిందికి జారుతుంది. పోచ చివరికి చేరాక కింది వరుస పోచ మీదికి దిగుతుంది. అలా వరుస నుంచి వరుసకు దిగుతూ చూరు దాకా వస్తుంది. ప్రతి దిగుడులోనూ అది కొంచెం లోపలికి కూడా జరుగుతుంది. కప్పు లోపలి అంచును చేరేలోగా చూరును చేరితే గెలిచినట్టు. నిలువుగా దిగే వేగానికీ, లోపలికి ఇంకే వేగానికీ మధ్య పోటీ అది. గెలిపించేది వాలు.

అందుకే గడ్డి కప్పుకు 45 డిగ్రీలైనా వాలు ఉండాలంటారు. ఇందులో పైకి కనబడని ఒక మెలిక ఉంది. కప్పు వాలు 45 డిగ్రీలు ఉన్నా, పోచల వాలు అంతకంటే తక్కువే. ప్రతి పోచ కిందా మరో వరుస గడ్డి ఉండి దాని కొసను పైకి ఎత్తిపెడుతుంది. కప్పు ఎంత మందమైతే పోచలు అంత చదునవుతాయి. మందం ఎక్కువైతే చాలు, కారదు అనుకుని తక్కువ వాలు మీద గడ్డి గుమ్మరించేవాళ్లు పొరపడేది ఇక్కడే. పన్నెండు మీటర్ల చుట్టుకొలత గుడిసెకు 45 డిగ్రీల వాలు కావాలంటే గోడ పైనుంచి కొప్పు దాదాపు రెండు మీటర్ల ఎత్తు లేవాలి. నల్లమల గుడిసెల కప్పు గోడ కంటే పొడవుగా కనిపించేది దీనివల్లే.

కప్పడం చూరు నుంచి మొదలుపెడతారు. వాసాల మీద అడ్డంగా బద్దలు కట్టి, అడుగు వరుస గడ్డి పరిచి, దాని మీద దబ్బ పెట్టి నారతో బిగిస్తారు. పై వరుస కింది వరుస కట్టును పూర్తిగా మూసేయాలి. కట్టు బయటికి కనబడితే నీరు ఆ నార వెంటే లోపలికి నడిచి వస్తుంది. నల్లమలలో బోదగడ్డి వాడతారు. పొడవుగా, నిటారుగా పెరిగే గడ్డి అది. పూత అయిపోయి, ఆకు ఎండి, కాండం గట్టిపడ్డాక కోస్తారు. లేతగడ్డిలో రసం ఉంటుంది, కుళ్లుతుంది. బాగా వేసిన కప్పులో ఎంత వాన కురిసినా పైపొర మాత్రమే తడుస్తుంది. వాన వెలిశాక గాలికి, ఎండకు అది ఆరిపోతుంది. చెట్టు నీడ ఎప్పుడూ పడే కప్పు ఆరదు కాబట్టి తొందరగా చివుకుతుంది.

కాంగోలోని ఇటూరి అడవిలో గడ్డి దొరకదు. అక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు వానలే. ఆ అడవిలోని ఎంబూటీ ప్రజల్లో గుడిసె కట్టేది ఆడవాళ్లు. సన్నటి పచ్చికర్రలు పాతి, వంచి, అల్లి బోర్లించిన గుల్లలాంటి చట్రం చేస్తారు. మోంగోంగో అనే మొక్క వెడల్పాటి ఆకుల తొడిమెలకు గాటు పెట్టి, ఆ గాటుతోనే చట్రానికి తగిలిస్తారు. పెంకుల్లా కింది వరుస మీద పై వరుస పడుతుంది. వంచిన చట్రంలో వాలు అన్నిచోట్లా నిటారుగా ఉండదు. అయినా పనిచేస్తుంది, ఎందుకంటే వెడల్పాటి ఆకులో నీరు ఇంకే దారి లేదు. గడ్డికి వాలు కావాలి, ఆకుకు వెడల్పు చాలు. దొరికిన పదార్థాన్ని బట్టి ఇంటి ఆకారం మారుతుంది.

కప్పు గురించి ఇంత చెప్పినా, అడవిలో ఒక రాత్రి గడపాల్సి వస్తే నేను ముందు చూసుకోమనేది నేలనే. కొత్తవాళ్లు కప్పు మీదే ప్రాణం పెట్టి, వట్టి నేల మీద పడుకుని తెల్లవార్లూ వణుకుతారు. విశ్రాంతిగా ఉన్న మనిషి శరీరం సుమారు వంద వాట్ల వేడిని మాత్రమే పుట్టిస్తుంది. గాలి చాలా మందకొడిగా వేడిని లాక్కుంటుంది. నీరు దానికంటే సుమారు పాతిక రెట్లు చురుగ్గా లాక్కుంటుంది. తడి నేలలో ఉన్నది నీరే కాబట్టి, ఒంటికి తగిలిన మేరకు అది వేడిని పీల్చుకుంటూనే ఉంటుంది. దాన్ని ఆపేది కదలని గాలి పొర. ఎండుటాకుల్లో, గడ్డిలో మనకు కావాల్సింది ఆకు కాదు, ఆకుల మధ్య చిక్కుకున్న గాలి. పడుకోగానే బరువుకు ఆ గాలి బయటికి పోతుంది కాబట్టి, చూడటానికి మోకాలెత్తు పరిచినా చివరికి బెత్తెడు మిగలడం కష్టం. ఆ బెత్తెడు మిగలాలి. గుడిసె చిన్నదిగా ఉండాలనడానికి కారణం కూడా ఆ వంద వాట్లే. పెద్ద గదిని ఒక్క ఒళ్లు వెచ్చబెట్టలేదు.

పరుపు విద్య కూడా చాలా పాతది. దక్షిణాఫ్రికాలోని బోర్డర్ గుహలో లిన్ వాడ్లీ బృందం రెండు లక్షల ఏళ్ల కిందటి గడ్డి పరుపు జాడలు కనుక్కుని 2020లో ప్రకటించింది. ఆ గడ్డి బూడిద పొర మీద పరిచి ఉంది. పాకే పురుగులకు బూడిదలో నడక సాగదు, సన్నటి పొడి వాటి శ్వాసరంధ్రాలను మూసేస్తుంది. అదే దేశంలోని సిబుదులో 77,000 ఏళ్ల కిందటి పరుపు మీద పురుగులను తరిమే గుణమున్న చెట్టు ఆకులు పరిచి ఉన్నాయి. మన ఇళ్లలో ధాన్యపు గాదెల్లో వేపాకు, వావిలాకు వేసే చేతికీ ఆ చేతికీ మధ్య 77,000 ఏళ్లు ఉన్నాయి, తెలివి ఒక్కటే.

మన అడవుల్లో నేల మీద పడుకోకూడదనడానికి చలి కంటే పెద్ద కారణం కట్లపాము. అది రాత్రిళ్లు తిరుగుతుంది. దాని కాటు పెద్దగా నొప్పి పుట్టించదు, నిద్రలో ఉన్నవాళ్లకు కాటు పడిన సంగతే తెలియకపోవచ్చు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది బలయ్యారని శాస్త్రవేత్తల అంచనా. ఆ మరణాలు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎండుటాకుల పరుపు మనకెంత వెచ్చనో తేళ్లకూ పాములకూ అంత వెచ్చన. అందుచేత ఇక్కడ నాలుగు గుంజలు పాతి, మోకాలెత్తున బద్దలు పరిచి, దాని మీద గడ్డి వేసుకుని దోమతెర దోపుకోవాలి. చేల కాపలాకు మన రైతులు మంచె కట్టుకున్నది పందుల కోసమే అనుకుంటాం. పాముకాటు నుంచి అది కాపాడిన ప్రాణాలు ఎన్నో.

గుడిసెలో నిప్పు సంగతి. లోపల పొయ్యి వెలిగితే పొగ గడ్డి సందుల్లోంచి మెల్లగా బయటికి పోతుంది. పోతూ పోతూ కప్పును ఆరబెడుతుంది, మసి పట్టిస్తుంది. పొగలోని రసాయనాలు పురుగును, బూజును దూరం పెడతాయి. రోజూ పొయ్యి వెలిగే ఇంటి కప్పు ఎక్కువ కాలం మన్నుతుంది. అదే పొగ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, కళ్లను కాలుస్తుంది. దాని భారం ఎక్కువగా పడేది వంట చేసే ఆడవాళ్ల మీద, పక్కనే ఆడుకునే పసిపిల్లల మీద. ఒక్క నిప్పురవ్వ కప్పుకు అంటుకుంటే నిమిషాల్లో ఇల్లు ఉండదు. పాత పద్ధతిని మెచ్చుకునే ఉత్సాహంలో ఈ మాటలు దాటవేయడం తప్పు.

కాబట్టి చెంచు కుటుంబం పక్కా ఇల్లు కావాలంటే అది వాళ్ల హక్కు. చెంచుల వంటి ఆదిమ గిరిజన సమూహాల కోసం కేంద్రం 2023 నవంబరులో పీఎం జన్‌మన్ పథకం మొదలుపెట్టింది. దేశమంతటా 4.9 లక్షల పక్కా ఇళ్లు దాని లక్ష్యం. మంచిదే. నా అభ్యంతరం ఇంటి నమూనా గురించి. గడ్డి కప్పు కంటే కాంక్రీటు దాదాపు ఇరవై రెట్లు తేలిగ్గా వేడిని లోపలికి పంపుతుంది. అంతటితో ఆగదు. పగలంతా తాగిన ఎండను దాచుకుని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే కొండల మీద బోసి స్లాబు వేసిన ఇంట్లో మే నెల రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. స్లాబు మీద కొంత ఎడంతో గడ్డి పందిరి వేసుకునే వీలు, ముందు వాలు వసారా, పొగ పోయే దారి, ఈ మూడూ నమూనాలో ఉంటే చాలా బాధ తగ్గుతుంది. అవి ఎలా వేయాలో పెంటలోని వాళ్లకే ఇంజనీర్ల కంటే బాగా తెలుసు. గీత గీసేముందు వాళ్లను అడగాలి.

ఈ విద్యను చేత్తో నేర్చుకోవాలనే కోరిక ఎవరికైనా కలిగితే అభయారణ్యంలోకి గొడ్డలి పట్టుకుని వెళ్లకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ అనుమతి లేకుండా అడుగుపెట్టడం, చెట్టు కొట్టడం నేరం. నేరం కాకపోయినా, ఒక సాయంత్రపు సరదాకు పచ్చిచెట్టు నరకడం న్యాయం కాదు. వరికోతలు అయ్యాక సొంత చేలోనో, మామిడితోటలోనో రాలిన కొమ్మలు, వరిగడ్డి, తాటాకులు, సరుగుడు వాసాలు పోగేయండి. ముందు మోకాలెత్తు పడక కట్టండి, తర్వాత దాని మీద నిటారు వాలుతో కప్పు లేపండి, చుట్టూ నీరు పోవడానికి జానెడు లోతు గాడి తీయండి. లోపల నిప్పు పెట్టకండి. పిల్లలను వెంటబెట్టుకోండి, చెంబుతో కప్పు మీద నీళ్లు పోసి అవి ఎటు నడుస్తాయో వాళ్లనే చూడమనండి. పాకలు, కొట్టాలు నేసే పనివాళ్లు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నారు. అరవై ఏళ్లు దాటినవాళ్లే ఎక్కువ, పని దొరకడమే తక్కువ. వాళ్లను పిలిచి, రోజుకూలి ఇచ్చి, మొదటి కప్పు వాళ్ల చేత వేయించుకుని పక్కన నిలబడి నేర్చుకోండి.